ష్యూరిటీ సంతకం, ఎన్‌సీఎల్‌టీ, నా అప్పుల మీద ఓటింగ్: నా అనుభవం

ముందే చెప్తున్నాను, నేను ఐపీ పెట్టలేదు. పేపర్లో నా పేరుతో నోటీసు చూసి సూర్యాపేటలో మా చుట్టాల్లో సగం మంది అదే అనుకున్నారు. ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద సివిల్ కోర్టులో వేసే దివాలా పిటిషన్. నాది వేరే కథ. మా బావ కంపెనీకి బ్యాంకు ఇచ్చిన లోనుకి నేను ష్యూరిటీ సంతకం పెట్టాను. కంపెనీ మూతపడింది. ఫ్యాక్టరీ వేలం వేశాక కూడా తీరని బాకీకి బ్యాంకు నా మీదకొచ్చింది.

కంపెనీ అప్పులకు ష్యూరిటీ ఇచ్చిన మనుషులకి 2016 దివాలా కోడ్‌లోని సెక్షన్లు 2019 డిసెంబర్ 1 నుంచి వర్తిస్తున్నాయి. ఈ కేసులు ఎన్‌సీఎల్‌టీలో, అంటే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో నడుస్తాయి. బ్యాంకు ముందు 14 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు ఇచ్చింది. తర్వాత సెక్షన్ 95 కింద హైదరాబాద్ బెంచిలో పిటిషన్ వేసింది. అప్పటికి ఈ సెక్షన్లు చెల్లవంటూ సుప్రీం కోర్టులో బోలెడు కేసులు ఉన్నాయి. 2023 నవంబర్ 9న ఆ సెక్షన్లు చెల్లుతాయని తీర్పు వచ్చాకే మా ఫైల్ కదిలింది. కేసులో అప్పుల లెక్కలు, మీటింగులు చూసుకునే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ని వేశారు. అందరూ ఆర్‌పీ అనే అంటారు. మా ఆర్‌పీ ఒక మేడమ్, వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంట్. ఆమె రిపోర్టు ఇచ్చారు, కేసు అడ్మిట్ అయింది, మారటోరియం, అంటే అప్పుల వసూలుకి తాత్కాలిక విరామం, మొదలైంది, నాకు అప్పిచ్చినవాళ్లు 21 రోజుల్లో క్లెయిములు వేసుకోమని పేపర్లో నోటీసు పడింది. ఇదంతా వినడానికి పెద్దగా ఉంటుంది కానీ, నా చేతిలో ఉన్నది తక్కువ. అడిగిన కాగితాలు ఇవ్వడమే.

అసలు టెన్షన్ ఓటింగ్ దగ్గర మొదలైంది. దాని గురించి తెలుగులో ఎక్కడా సరిగ్గా చెప్పినవాళ్లు దొరకలేదు నాకు. అందుకే ఇది రాస్తున్నాను.

పద్ధతి ఇదీ. నేను ఎంత కట్టగలనో, ఎన్నాళ్లలో కట్టగలనో ఆర్‌పీతో కూర్చుని ఒక రీపేమెంట్ ప్లాన్ తయారు చేయాలి. దాన్ని అప్పులవాళ్ల మీటింగ్‌లో పెడతారు. సెక్షన్ 111 ప్రకారం మీటింగ్‌కి వచ్చి, లేదా ప్రాక్సీ ద్వారా (తమ బదులు పంపిన మనిషితో), ఓటు వేసినవాళ్ల అప్పు విలువలో నాలుగింట మూడొంతులకు మించి ఒప్పుకుంటేనే ప్లాన్ పాసైనట్టు. సరిగ్గా 75 శాతం వస్తే చాలదు, దాటాలి. తలలు లెక్కపెట్టరు. ఎవరికి ఎంత బాకీ ఉంటే వాళ్లకి అంత ఓటు.

"వచ్చి ఓటు వేసినవాళ్ల" అన్న ముక్కని నేను మొదట పట్టించుకోలేదు. మొత్తం అప్పులో 75 శాతం అనుకున్నాను. మా అడ్వకేట్ కూడా అలాగే చెప్పుకుపోతుంటే మేడమ్ ఆపి, సెక్షన్ చదివి వినిపించారు. రానివాడిని వ్యతిరేకంగా లెక్కపెట్టరు, అసలు లెక్కలోకే తీసుకోరు. ఈ తేడా వల్లే తర్వాత నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు.

క్లెయిములు వచ్చాక మేడమ్ అప్పులవాళ్ల లిస్టు తయారు చేశారు. బ్యాంకుకి ష్యూరిటీ బాకీ 1 కోటి 40 లక్షలు. ఘట్‌కేసర్‌లో నా ప్లాటు తనఖా పెట్టుకుని లోన్ ఇచ్చిన ఒక ఫైనాన్స్ కంపెనీకి 42 లక్షలు. ఇంకో బ్యాంకుకి పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు కలిపి 18 లక్షలు. చిన్నప్పటి ఫ్రెండ్ ఒకడికి ప్రోనోటు మీద అసలు 8 లక్షలు, నూటికి రూపాయిన్నర వడ్డీతో కలిపి 10 లక్షలు. వాడి ప్రోనోటుకి మూడేళ్లు దాటాయా అన్నది మేడమ్ మొదట చూశారు. దాటలేదు. డబ్బు ఎలా ఇచ్చాడో బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అడిగారు. మా తమ్ముడు ఇచ్చింది 15 లక్షలు.

తమ్ముడి పేరు లిస్టులో ఉంది, కానీ ఓటు గడిలో సున్నా. సెక్షన్ 109 ప్రకారం అప్పు తీసుకున్నవాడి 'అసోసియేట్' ఓటు వేయకూడదు. కుటుంబ సభ్యులు, దగ్గరి బంధువులు, భార్య తరఫు బంధువులు, వ్యాపార భాగస్వాములు ఇలా చాలామంది ఇందులోకి వస్తారు. వాడు నొచ్చుకున్నాడు. "అన్నయ్యా, నాది దొంగ అప్పా? ఆర్‌టీజీఎస్ చేశాను కదా" అన్నాడు. అప్పు నిజమే, ఎవరూ కాదనలేదు. కానీ ఓటు ఇస్తే రేపు ప్రతివాడూ బావమరిది పేరు మీద రెండు కోట్లకి నోటు రాయించుకొచ్చి బ్యాంకులని ఓడించేస్తాడు. ఆ రూల్ లేకపోతే ఈ చట్టం వారం రోజులు కూడా నిలవదు. వాడి బాధ నాకు అర్థమైంది, కానీ రూల్ సరైనదే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంకో క్లెయిమ్ కూడా వచ్చింది. బావ కంపెనీతో గొడవపడ్డ ఒకాయన, నా వల్ల కూడా నష్టపోయానంటూ పరిహారం అడిగాడు. ఎంత అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. ఎంతో తేలని బాకీకి ఓటు ఉండదు. ఆయన సంగతి అంతటితో అయిపోయింది.

అసలు చిక్కు ఫైనాన్స్ కంపెనీతో వచ్చింది. తనఖా ఉన్నవాళ్లకి చట్టం రెండు దారులు ఇచ్చింది. మొత్తం బాకీ మీద ఓటు వేయొచ్చు, కానీ అప్పుడు ప్లాన్ నడుస్తున్నంతకాలం తనఖా ఆస్తిని అమ్ముకునే హక్కు వదులుకోవాలి. అది వదులుకోకూడదు అనుకుంటే, తనఖా విలువ పోగా మిగిలిన భాగానికి మాత్రమే ఓటు వేస్తున్నామని అఫిడవిట్ ఇవ్వాలి. వాళ్లు రెండోదే ఎంచుకుంటారని అందరికీ తెలుసు. చేతిలో ప్లాటు పెట్టుకుని దాన్ని ఎవరు వదులుకుంటారు?

మేడమ్ మొదటి లెక్కలో ప్లాటు విలువ 30 లక్షలు. అంటే ఫైనాన్స్ కంపెనీ ఓటు 12 లక్షలకే. మొత్తం ఓటు విలువ 1 కోటి 80 లక్షలు. అందులో బ్యాంకు వాటా 77.78 శాతం. బ్యాంకు ఒక్కటి సరే అంటే చాలు, మిగతావాళ్లు ఎలా వేసినా ప్లాన్ పాసవుతుంది. ఆ ఈమెయిల్ చూసి మా ఆవిడ దేవుడి దగ్గర కొబ్బరికాయ కూడా కొట్టేసింది.

మీటింగ్ దగ్గరపడ్డాక ఫైనాన్స్ కంపెనీ అఫిడవిట్ వచ్చింది. ప్లాటు విలువ 20 లక్షలే అని వాళ్ల వాల్యుయర్ రిపోర్టు జతచేశారు. అప్రోచ్ రోడ్డు సరిగ్గా లేదు, వేలంలో అంతకంటే రాదు అని వాళ్ల వాదన. రోడ్డు సంగతి అబద్ధం కాదు, నేనే అక్కడ బండి దిగబడి నెట్టుకొచ్చాను ఒకసారి. మేడమ్ రెండు రిపోర్టులు చూసి వాళ్ల అంకె తీసుకున్నారు. దాంతో వాళ్ల ఓటు 22 లక్షలకి పెరిగింది, మొత్తం 1 కోటి 90 లక్షలైంది. బ్యాంకు వాటా 73.68కి పడిపోయింది.

ప్లాటు విలువ తగ్గితే నాకు నష్టం అని తెలుసు. ఓటింగ్ కూడా దాంతో తలకిందులవుతుందని నేను ఊహించలేదు.

ఆ రాత్రి కాగితం మీద అన్ని రకాలుగా వేసి చూశాను. పర్సనల్ లోన్ బ్యాంకు సగం కన్నా తక్కువ ఇచ్చే దేనికీ ఒప్పుకోదని వాళ్ల ఆఫీసర్ ముందే చెప్పేశాడు. ఫైనాన్స్ కంపెనీ ఎలాగూ వ్యతిరేకమే. ఇద్దరిదీ కలిపి 40 లక్షలు. ఇక మిగిలింది మా ఫ్రెండ్, 10 లక్షలు. వాడు అనుకూలంగా వేస్తే 190లో 150, అంటే 78.95 శాతం, పాస్. వాడు అసలు రాకపోతే మొత్తం 180కి తగ్గుతుంది, బ్యాంకు 140 ఒక్కటే 77.78, అప్పుడూ పాసే. వాడు వచ్చి వద్దంటే మాత్రం 190లో 140. పోయినట్టే. అయిదు శాతం చిల్లర ఉన్న మనిషి, వచ్చి కాదంటే కోటీ నలభై లక్షల బ్యాంకుని కూడా ఆపేయగలడు.

వాడికి ఫోన్ చేశాను. మీటింగ్ నోటీసు ముందే అందింది.

"నాది అయిదు శాతం రా. నేనొస్తే ఎంత, రాకపోతే ఎంత" అన్నాడు.

దాచాలనిపించలేదు. లెక్క మొత్తం చెప్పాను.

"అంటే నేను ఇంట్లో పడుకున్నా నీకు మంచిదే."

"అవును."

"వచ్చి నో అంటే?"

"ప్లాన్ పోతుంది. తర్వాత బ్యాంకు నా మీద బ్యాంక్‌రప్సీ పిటిషన్ వేయొచ్చు. ఉన్నవి అమ్మి పంచుతారు. అందులో నీకెంతొస్తుందో మేడమ్ రిపోర్టులో ఉంది, చదువు. నేను చెప్తే నా కోసం చెప్పినట్టుంటుంది."

కాసేపు మాట్లాడలేదు. ప్లాన్‌లో వాడికి వచ్చేది రూపాయికి 20 పైసలు, అంటే 10 లక్షలకి 2 లక్షలు. వాడి కూతురి ఇంజనీరింగ్ ఫీజు కోసం అడిగిన డబ్బు అది.

"సరే, ఓటేస్తాను. మిగతాది బయట నాకు ఇస్తానని మాటివ్వు. నోటు కూడా అక్కర్లేదు" అన్నాడు.

ఇవ్వాలనే అనిపించింది. కానీ మా అడ్వకేట్ దీని గురించి ముందే హెచ్చరించాడు. అప్పు ఉన్నవాడి దగ్గర డబ్బో, ఆస్తో, సెక్యూరిటీయో తీసుకుని ప్లాన్‌కి ఓటేస్తే సెక్షన్ 184 కింద ఓటేసినవాడికే రెండేళ్ల వరకు జైలు, లేదా తీసుకున్నదానికి మూడింతల వరకు జరిమానా, లేదా రెండూ. మాట మాత్రమే అయితే ఏమవుతుందో లాయర్లు వాదించుకోవచ్చు, నేను దాని జోలికి పోదలచుకోలేదు. కుదరదురా అన్నాను, ఎందుకో చెప్పాను. "నీ చట్టం నీ దగ్గరే పెట్టుకో" అని పెట్టేశాడు.

మీటింగ్ వీడియో కాల్‌లో జరిగింది. కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఇచ్చారు. మేడమ్ చైర్. బ్యాంకు తరఫున రికవరీ బ్రాంచి చీఫ్ మేనేజర్, వాళ్ల అడ్వకేట్. మా ఫ్రెండ్ పేరు తెరమీద ఉంది, కెమెరా ఆఫ్. వస్తాడని అనుకోలేదు. గుండె దడదడలాడింది.

బ్యాంకు ఆయన నేరుగా విషయానికొచ్చాడు. నేను సూర్యాపేట ఇంట్లో నా వాటా తమ్ముడికి 20 లక్షలకి అమ్మి, 12 ఇప్పుడు, 8 తర్వాత అన్నాను. నెలకి 35,000 చొప్పున 60 నెలలు అన్నాను. బ్యాంకు 20 లక్షలూ ముందే కావాలంది, 60 నెలలని 48 చేయమంది, నెలకి 45,000 అంది. మూడు నెలలకోసారి జీతం స్లిప్పులు ఆర్‌పీకి ఇవ్వాలంది. నా భార్య కూడా ష్యూరిటీ సంతకం పెట్టాలంది.

మార్పులు అడగొచ్చు కానీ, ప్రతి మార్పుకీ అప్పున్న మనిషి ఒప్పుకోవాలి. నా ప్రాణానికి ఇదొక్కటే కాస్త ఊపిరి. మేడమ్ ఒక్కొక్కటి చదివి నన్ను అడిగి, జవాబు మినిట్స్‌లో రాయించారు. 20 లక్షలు ముందే: తమ్ముడితో మాట్లాడి చెప్తాను. 45,000: ఇంటి ఖర్చుల బడ్జెట్ తిరగరాయాలి, ఒప్పుకుంటాను. స్లిప్పులు: సరే. భార్య సంతకం: వద్దు. ఒక ష్యూరిటీ సంతకం వల్లే కదా ఇక్కడ కూర్చున్నాను, ఇంట్లో రెండోది పెట్టించను అన్నాను. చీఫ్ మేనేజర్ నవ్వలేదు కానీ, నోట్ చేసుకున్నాడు.

అప్పుడు ఇంకో విషయం బయటపడింది. ఓటు వేయడానికి ఆయనకి పైనుంచి శాంక్షన్ రాలేదు. అప్పుడే ఓటింగ్ పెడితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. అతిపెద్ద అప్పు ఉన్నవాడు మౌనంగా కూర్చుంటే మొత్తం 50 లక్షలకి పడిపోతుంది, అందులో 40 లక్షలు వ్యతిరేకం. అందుకే మేడమ్ వాయిదా వేశారు. సరైన కారణం ఉంటే ఒకసారికి ఏడు రోజులకు మించకుండా వాయిదా వేయొచ్చు. ఆ వారంలో తమ్ముడు ఎల్ఐసీ పాలసీ మీద లోన్ తీసి మిగతా 8 లక్షలు సర్దాడు. ఓటు లేనివాడే అందరికంటే ఎక్కువ చేశాడు. వాడి 15 లక్షలకి ప్లాన్‌లో చివరి స్థానమే, అంటే ప్రస్తుతానికి ఏమీ లేదు.

రెండో సిట్టింగ్‌లో బ్యాంకుకి శాంక్షన్ లెటర్ వచ్చింది. భార్య సంతకం షరతు వదిలేశారు. మేడమ్ ఒక్కొక్కరి పేరు, ఓటు విలువ చదువుతూ జవాబు అడిగారు. బ్యాంకు, అనుకూలం. ఫైనాన్స్ కంపెనీ, వ్యతిరేకం. రెండో బ్యాంకు, వ్యతిరేకం. మా ఫ్రెండ్ దగ్గర కాసేపు ఏమీ వినపడలేదు, మ్యూట్‌లో ఉన్నాడట. మేడమ్ రెండుసార్లు పిలిచారు. "అనుకూలం" అన్నాడు, వెంటనే కాల్ లోంచి వెళ్లిపోయాడు. 78.95 శాతంతో ప్లాన్ పాసయింది.

ఎందుకు వేశావని నేను ఇప్పటికీ వాడిని అడగలేదు. మేడమ్ రిపోర్టులో బ్యాంక్‌రప్సీ అయితే వచ్చేదానికి, ప్లాన్‌లో వచ్చేదానికి పోలిక ఉంది. అది చదివే వేసి ఉంటాడనుకుంటాను. లేదా వాళ్లావిడ చదివి చెప్పి ఉంటుంది, ఆమె లెక్కల టీచర్.

ఓటింగ్‌తో అయిపోలేదు. మేడమ్ మీటింగ్ రిపోర్టు ఎన్‌సీఎల్‌టీకి ఇచ్చారు. బండ్లగూడ కార్పొరేట్ భవన్‌లో హియరింగ్. ఫైనాన్స్ కంపెనీ అడ్వకేట్ లేచి 20 పైసలు చాలా తక్కువ అన్నాడు. తన ప్లాటు తన దగ్గరే ఉంది కదా అని బెంచి అడిగింది. కావాల్సిన మెజారిటీ ఉందని చూసి ప్లాన్‌ని ఆమోదించింది. ఆమోదించాక అది ప్లాన్‌లో ఉన్న అప్పులవాళ్లందరికీ వర్తిస్తుంది, వద్దన్నవాళ్లకి కూడా. పర్సనల్ లోన్ బ్యాంకు రికవరీ ఏజెంటు ఆ తర్వాత ఒకసారి ఫోన్ చేస్తే ఆర్డర్ కాపీ వాట్సాప్‌లో పెట్టాను. మళ్లీ చేయలేదు.

డబ్బు లెక్క కూడా చెప్తాను, అందరూ అదే అడుగుతున్నారు. ముందు ఇచ్చిన 20 లక్షలు, 48 నెలల్లో కట్టే 21 లక్షల 60 వేలు. ఇందులో ఆర్‌పీ ఫీజు, ఖర్చులు 3 లక్షల 60 వేలు పోతాయి. మిగిలిన 38 లక్షలు నలుగురికీ రూపాయికి 20 పైసల చొప్పున. బ్యాంకుకి 28 లక్షలు. కట్టడం మధ్యలో ఆగిపోతే ప్లాన్ ముందే ముగిసిపోయి, బ్యాంక్‌రప్సీ దారి మళ్లీ తెరుచుకుంటుంది. అందుకని జీతం పడిన రోజే 45,000 పక్కకి తీసేస్తాను. పూర్తయ్యాక ప్లాన్‌లోని అప్పుల నుంచి విడుదల చేసే డిశ్చార్జ్ ఆర్డర్ వస్తుంది. అది నాకు మాత్రమే. నా ప్లాన్ వల్ల బావ బాధ్యత పోదు.

బావ మీద కూడా అదే బ్యాంకు సెక్షన్ 95 పిటిషన్ వేసింది. అదీ అడ్మిట్ అయింది. అదే అప్పుకి ఇద్దరం ష్యూరిటీలం కాబట్టి, నా వాటాకి మించి కట్టింది బావ దగ్గర అడిగే హక్కు నాకుందని మా అడ్వకేట్ అన్నాడు. క్లెయిమ్ వేశాను. పోయిన వారం అక్కడి ఆర్‌పీ లిస్టు పంపాడు. నా పేరు ఉంది, మొత్తం కూడా ఉంది. బావ భార్యకి అన్నయ్యని కాబట్టి ఓటు గడిలో సున్నా.